పెట్ట పని పెట్టె చేయునా? కోడి, బాతు గ్రుడ్లను ఇంట పొదిగించు విధము

మన రాజవొమ్మంగి ప్రాంతమునందు కోడి లేని యిల్లు అరుదు. జీడిమామిడి గింజలు చేతికి రాకమునుపు, ప్రత్తి సొమ్ము అందకమునుపు, బిడ్డకు జ్వరము వచ్చినను, బడికి పుస్తకములు కావలసివచ్చినను, ఇల్లాలు గంపక్రింది కోడిని పట్టుకొని సంతకు నడచును. నర్సీపట్నము వైపునుండియు, ఏలేశ్వరము వైపునుండియు వచ్చు బేరగాండ్రు నాటుకోడిని వెదకి కొందురు. కావున మన మన్యములో కోడి యనునది ఆడవారి చేతి రొక్కము. ఆ రొక్కమును పెంచుకొను మార్గము నొకదానిని విచారించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇటీవల పలువురు సభ్యులు మమ్ము ఇంక్యుబేటరును గూర్చి అడుగుచున్నారు. ఇంక్యుబేటరు అనగా పెట్ట లేకుండ గ్రుడ్లను పొదిగించు పెట్టె. అది కొనదగినదా, ఇంటనే చేసికొనవచ్చునా, బాతు గ్రుడ్లు గూడ అందులో పిల్లలగునా యని వారి ప్రశ్న. అమ్మువారి పొగడ్తలను మేమిచ్చట వ్రాయబోము. పెట్టెను మా చేతులతో చేసి, ఒకమారు చెడగొట్టి, మరల బాగుచేసి నేర్చుకొనిన సంగతులనే విన్నవించెదము.

పెట్ట చేయు పని

నాటుపెట్ట పది పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుండును. 21 దినములు పొదిగిన పిమ్మట పిల్లలు లేచును. అటుపై రెండు మూడు నెలలు వానిని వెంట త్రిప్పుకొని, మేత చూపి, గ్రద్దనుండి కాపాడును. ఇంతకాలమును అది మరల గ్రుడ్డు పెట్టదు. అందుచేత సంవత్సరమునకు మూడు నాలుగు విడతలకు మించి పెట్టు నాటుపెట్టను మేము చూచుట అరుదు. ఆంధ్రదేశమునకు పేరు తెచ్చిన అసీలు జాతి పెట్టలు గ్రుడ్లు కొద్దిగా పెట్టినను, పొదుగుటలోను పిల్లలను సాకుటలోను మిక్కిలి నేర్పుగలవి.

పొదుగు పెట్ట నాలుగు పనులు చేయును. తన రొమ్ము వేడిమిని గ్రుడ్లకిచ్చును. ముక్కుతోను కాళ్లతోను వానిని దినమునకు పలుమారులు త్రిప్పును. తన యొంటి తేమవలన గ్రుడ్డు మితిమీరి ఎండకుండ కాచును. మేతకు లేచిపోయినపుడు గ్రుడ్లకు కొంచెము గాలి తగులనిచ్చును. ఈ నాలుగు పనులను తప్పక చేయగలిగినదే మంచి పెట్టె. ఇందు మాయ యేమియు లేదు.

ఇది క్రొత్త విద్యయు గాదు. ఐగుప్తు దేశస్థులు రెండువేల యేండ్లకు పూర్వమునుండియు గ్రుడ్లను కృత్రిమముగా పొదిగించుట ఎరిగినవారు. మట్టియిటుకలతో పొయ్యిలవంటి గదులు కట్టి, పేడయు గడ్డియు కాల్చి, వేలకొలది గ్రుడ్లను ఒక్కమారు పిల్లలు చేయించెడివారు. వారికి థర్మామీటరు లేదు. గ్రుడ్డును కనురెప్పకు తాకించుకొని వేడిమిని తెలిసికొనెడివారు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రెయోమ్యూరు యీ విషయముపై 1749 లో ఒక గ్రంథమును ప్రకటించెను. నేటికిని బంగ్లాదేశమునందు వరి ఊకను చుట్టును దట్టించిన గుండ్రని తొట్లలో బాతు గ్రుడ్లను పొదిగించువారు గలరు.

మా మొదటి ఓటమి

మేము మొదట చేసిన పెట్టె చేపలు మంచులో వచ్చు థర్మోకోలు పెట్టె. అందు రెండు బల్బులు, ఒక థర్మోస్టాటు, అడుగున నీటిపళ్లెము ఉంచితిమి. ఒక ఆషాఢమాసములో ఆరు ఇండ్లనుండి 40 గ్రుడ్లు తెచ్చి అందు పెట్టితిమి. 21వ దినమున ఒక్క గ్రుడ్డును పగులలేదు. 22వ దినమున రెండును, 23వ దినమున ఐదును పిల్లలు లేచినవి. వానిలోను మూడు కాళ్లపై నిలువలేక చచ్చినవి. మిగిలినవానిని పగులగొట్టి చూడగా, పెక్కింటిలో పిల్ల పూర్తిగా ఏర్పడి లోపలనే చచ్చియుండెను.

ఆ గ్రుడ్లు మావి కావు. ఒక యిల్లాలు తన పెట్టక్రింద నుంచవలసిన పండ్రెండు గ్రుడ్లను మా మాట నమ్మి యిచ్చెను. ఆ యేడు సంక్రాంతికి ఆమె యింట అమ్ముటకు కోడి లేకపోయెను. ఆమె మమ్ము ఒక్క మాటయైన అనలేదు. అందువలన మాకు మరింత సిగ్గయ్యెను.

కారణము తెలియక మేము చింతించుచుండగా, ఆ యింటి ముసలమ్మ పెట్టెలో మిగిలిన గ్రుడ్డు నొకదానిని తీసి, కనురెప్పకు ఆనించుకొని, “ఇది సల్లగా ఉంది బాబూ. పెట్ట కింద గుడ్డు ఇలాగుండదు” అని చెప్పెను. ఐగుప్తు దేశపు పొయ్యిలను గూర్చి ఆమె వినియుండలేదు. పెట్టక్రింద చేయిపెట్టి చూచిన అలవాటే ఆమె చదువు.

అప్పుడు మేము థర్మామీటరును పరీక్షించితిమి. దానిని మూతదగ్గర, బల్బు ప్రక్కను వ్రేలాడగట్టియుంటిమి. అచ్చట 100 డిగ్రీలు చూపుచుండెను. గ్రుడ్లపై నుంచి చూడగా 96 మాత్రమే. వేడిగాలి పైకి పోవునని బడిలో చదువుకొనియు, పని చేయునపుడు మరచితిమి. ఆ తప్పును దిద్దుకొని కార్తీకమాసములో మరల 40 గ్రుడ్లు పెట్టగా 28 పిల్లలు లేచినవి. వానిలో మొదటి పండ్రెండును ఆ యిల్లాలికే యిచ్చితిమి.

పెట్టె చేసికొను విధము

పెద్ద థర్మోకోలు పెట్టె గాని, లోపల థర్మోకోలు పలకలు దిగిన చెక్కపెట్టె గాని చాలును. రెండు బల్బులు అమర్చవలెను. ఒకటి మాడిపోయినను రెండవది కొంత కాపాడును. పాతరకపు తీగబల్బులనే వాడవలెను. ఎల్.ఇ.డి. బల్బు వెలుగునిచ్చును గాని తగినంత వేడినీయదు. బల్బు థర్మోకోలునకు తగులరాదు. నడుమ రేకుముక్క అడ్డము పెట్టవలెను. లేనిచో థర్మోకోలు కరగి నిప్పంటుకొను భయము గలదు. గ్రుడ్ల క్రింద ఇనుపజాలి, జాలిక్రింద నీటిపళ్లెము ఉండవలెను. పెట్టెకు ప్రక్కలను, పైనను వ్రేలు దూరునంత రంధ్రములు కొన్ని చేయవలెను. గ్రుడ్డులోని పిల్లయు గాలి పీల్చును. అది పెరిగినకొలది ఎక్కువ గాలి కావలెను.

చిన్న ఫ్యాను ఒకటి అమర్చినచో పెట్టెలో అన్నిచోట్ల వేడిమి సమముగా నుండును. ఫ్యాను గల పెట్టెలో వేడిమి 99½ డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 37.5 సెంటిగ్రేడు ఉండవలెను. ఫ్యాను లేనిచో గ్రుడ్ల పైతట్టున 101 నుండి 102 వరకు ఉండవలెను. రెండు పెట్టెలకును థర్మామీటరు గ్రుడ్ల మట్టముననే ఉండవలెను. క్రొత్త థర్మామీటరును నమ్ముటకు ముందు, దాని కొనను జ్వరము చూచు థర్మామీటరుతో కూడ ఒకే గోరువెచ్చని నీటిలో ముంచి, రెండును ఒకటే చూపునో లేదో సరిచూచుకొనవలెను. గ్రుడ్లు లేకుండ ఒక పగలు, ఒక రాత్రి పెట్టెను నడపి, వేడిమి నిలుకడగా నున్నదని తెలిసిన తరువాతనే గ్రుడ్లు పెట్టవలెను.

గ్రుడ్ల యెంపిక

పుంజుతో కలియని పెట్ట గ్రుడ్డు ఎంత పొదిగినను పిల్ల కాదు. అంగడిలో అట్టలలో అమ్ము తెల్లగ్రుడ్లు ఇట్టివే. పందెమునకని పుంజును కట్టివేసి యుంచిన యింటి గ్రుడ్లును అనేకముగా ఇట్లే వృథాయగును. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు, ఐదారు ఆడబాతులకు ఒక మగబాతు విడిచి తిరుగుచుండవలెను.

గ్రుడ్లు పెట్టిన వారములోపల పొదుగుకు వేయవలెను. అంతవరకు చల్లనిచోట, సన్నని కొన క్రిందికుండునట్లు ఉంచవలెను. వేసవిలో తడియిసుకపై నుంచిన మట్టికుండ ఇందుకు తగినది. గది వేడిమి 80 డిగ్రీలు దాటినచో గ్రుడ్డులో పిల్ల అరకొరగా పెరుగ మొదలిడి చచ్చును. వేసవిగ్రుడ్లు చెడుటకు ఇదియే ముఖ్యకారణము. మిక్కిలి పెద్దవి, మిక్కిలి చిన్నవి, పెంకు పలుచనివి, నెఱ్ఱెవిచ్చినవి తీసివేయవలెను. మట్టి యంటినవానిని తడిగుడ్డతో తుడువరాదు. అట్లు చేసినచో పెంకులోని సన్నని రంధ్రముల గుండ మురికి లోనికి పోవును. పొడిగుడ్డతో మెల్లగా తుడుచుటయే మేలు. మిక్కిలి మురికిగా నున్నవానిని వంటకే వాడుకొనవలెను. ఎవరి గ్రుడ్డు ఎవరిదో, ఏ దినమున పెట్టినదో పెన్సిలుతో గుర్తు వేయవలెను.

వనరాజ, గ్రామప్రియ కోళ్లను పెంచువారికి ఒక మాట. ఇవి హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థ పల్లెల కొరకు తయారుచేసిన సంకరజాతులు. వాని గ్రుడ్లను పొదిగించినచో పిల్లలు లేచును గాని, తల్లిదండ్రుల గుణములు నిలుకడగా రావు. ఇంట తరతరములు నిలుపుకొనుటకు నాటుజాతియే తగినది.

దినచర్య

పెట్టెలోని గ్రుడ్లను దినమునకు మూడు మారులు గాని, ఐదు మారులు గాని త్రిప్పవలెను. బేసిలెక్క యేల యనగా, రాత్రి చాలసేపు త్రిప్పుట ఉండదు గదా. బేసిగా త్రిప్పినచో ఒకేప్రక్క ప్రతిరాత్రియు పైకి రాదు. గ్రుడ్డుకు ఒకప్రక్క సున్న, మరియొకప్రక్క ఇంటు గుర్తు పెన్సిలుతో వేసినచో త్రిప్పినది లేనిది తెలియును. త్రిప్పనిచో పిల్ల పెంకులోని పొరకు అంటుకొని చచ్చును.

తేమ మొదటి 18 దినములును నూటికి 50 మొదలు 55 వరకు, కడపటి మూడు దినములు 65 మొదలు 70 వరకు ఉండవలెను. తేమను చూపు చిన్న మాపకము వెల తక్కువకే దొరకును. మన ప్రాంతములో వానకాలమున గాలియే తడిగా నుండును. అప్పుడు పళ్లెములోని నీరు తగ్గించవలెను. తేమ యెక్కువైనచో గ్రుడ్డులోని నీరు ఇంకక పిల్ల ఉక్కిరిబిక్కిరియై చచ్చును. తక్కువైనచో పొర తోలువలె గట్టిపడి, పిల్ల చీల్చుకొని రాలేదు.

7వ దినమున చీకటిగదిలో గ్రుడ్డును దీపమునకు పట్టి చూడవలెను. అట్టకు రూపాయి బిళ్లంత రంధ్రము చేసి, దానివెనుక చేతిదీపము నుంచినచో చాలును. సాలీడు కాళ్లవలె ఎఱ్ఱని నరములు కనబడినచో జీవమున్నది. తేటగా కనబడినది పుంజు చేరని గ్రుడ్డు. నెత్తుటి ఉంగరము కనబడినచో పిల్ల పుట్టి చచ్చినది. ఈ రెండు రకములను తీసివేయవలెను. చచ్చిన గ్రుడ్డు మురిగి పగిలినచో తక్కిన గ్రుడ్లన్నియు చెడును. 14వ దినమున మరల చూడవలెను. గ్రుడ్డు మొద్దుకొననున్న గాలిగది దినదినము పెద్దదగుచుండుట మంచిగుర్తు.

18వ దినము తరువాత గ్రుడ్లను త్రిప్పరాదు, మూత తీయరాదు.

బాతు గ్రుడ్లు

మన గెడ్డలదగ్గర, వరిమడులదగ్గర కాపురముండువారికి బాతులు లాభకరములు. అయితే ఖాకీ క్యాంబెలువంటి జాతులు పొదుగుకు కూర్చుండుట అరుదు. అందుచేత బాతు గ్రుడ్లను కోడిపెట్టక్రింద పొదిగించుట మన పెద్దలనుండి వచ్చిన పద్ధతి. కోడిపెట్ట యొక్కమారు ఎనిమిది పది బాతు గ్రుడ్లను మాత్రమే కప్పగలదు. ఇట్టిచోట పెట్టె మిక్కిలి ఉపకరించును.

బాతు గ్రుడ్డు 28 దినములకు పిల్లయగును; సీమబాతు, అనగా మస్కోవీ జాతి గ్రుడ్డుకు 35 దినములు కావలెను. వేడిమి కోడి గ్రుడ్లకు వలెనే. తేమ కొంచెము హెచ్చుగా నుండవలెను. రెండవ వారమునుండి 25వ దినమువరకు ప్రతిదినము ఒకమారు మూత తీసి, పది నిమిషములు చల్లారనిచ్చి, గోరువెచ్చని నీరు సన్నగా చిలుకరించుట మంచిది. తల్లిబాతు తడిరెక్కలతో గూటికి వచ్చుటకు ఇది బదులు. బాతులు తెల్లవారుజామున గ్రుడ్లు పెట్టును. కాబట్టి ప్రొద్దెక్కువరకు వానిని పొడిగడ్డి పరచిన దొడ్డిలోనే యుంచినచో గ్రుడ్లు గెడ్డపాలు గాక, మట్టిపడక దొరకును.

కోడి, బాతు గ్రుడ్లను ఒకే పెట్టెలో పొదిగింపగోరువారు ముందు బాతు గ్రుడ్లు పెట్టి, సరిగా ఏడుదినముల తరువాత కోడి గ్రుడ్లు పెట్టవలెను. అట్లయిన రెండును ఒకే దినమున త్రిప్పుట మానవచ్చును, ఒకే దినమున పిల్లలు లేచును. రెండును ఒకే దినమున పెట్టినచో కోడిపిల్లలు లేచు మూడవ వారమున బాతు గ్రుడ్లకు త్రిప్పుట లేక చెడును.

విద్యుత్తు పోయినప్పుడు

గాలివానకు తీగ తెగి రాత్రంతయు చీకటిలో నుండుట మనకు క్రొత్తగాదు. అప్పుడు పెట్టె మూత తీయక, దుప్పటి కప్పి, గోరువెచ్చని నీటిసీసాలను గుడ్డలో చుట్టి ప్రక్కల నుంచవలెను. గ్రుడ్డు కొన్నిగంటల చలికి ఓర్చుకొనును. పిల్లలు ఆలస్యముగా లేచును గాని అన్నియు చావవు. అధికమైన వేడిమికి మాత్రము ఓర్వదు. 104 డిగ్రీలు దాటి కొంతసేపున్నను పిల్లలు చచ్చును. కావున కరెంటు వచ్చినపుడు తొందరపడి పెద్దబల్బు పెట్టరాదు. నడివేసవిలో గది వేడిమియే హెచ్చగుటచేత, ఫాల్గుణము దాటిన తరువాత పెట్టెను మూసివేయుట మేలు. కార్తీకమునుండి మాఘమువరకు తగిన కాలము.

పిల్లలు లేచునాడు

గ్రుడ్డుకు చిన్న చిల్లి పడిన తరువాత పిల్ల వెలికి వచ్చుటకు పండ్రెండు గంటలును, ఒక్కొకప్పుడు ఒక దినమును పట్టును. జాలిపడి పెంకు ఒలువరాదు. నరములు తెగి నెత్తురు పోవును. లేచిన పిల్లలు ఆరువరకు పెట్టెలోనే యుండవలెను. కడుపులోనికి తీసికొనిన పచ్చసొన రెండుదినములవరకు వానికి ఆహారము, ఆకలిగొన్నవని భయపడనక్కరలేదు.

పొదుగుట పెట్టెకు, పెంచుట పెట్టకు

మేము నేర్చుకొనినవానిలో ముఖ్యమైనది ఇది. పెట్టె గ్రుడ్డును పిల్లగా చేయగలదు గాని, గ్రద్ద నీడ పడగానే కూతవేసి పిల్లలను రెక్కలక్రిందికి పిలువజాలదు. కావున పది పెట్టలున్న చోట ఏడెనిమిదింటిని పొదుగనీయక మాన్పించి గ్రుడ్లకు విడువవలెను. రెండు మూడింటిని మాత్రము కొద్ది గ్రుడ్లతో, పెట్టెతోపాటే పొదుగుకు కూర్చుండబెట్టవలెను. పెట్టెలో పిల్లలు లేచిన రాత్రి, చీకటిలో, చప్పుడు చేయక, వానిని ఆ పెట్టల రెక్కలక్రింద చేర్చవలెను. తెల్లవారునప్పటికి పెట్ట వానిని తనవిగానే యెంచును. ఎండకాయు దినములలో పెద్దపెట్ట యిరువది పిల్లలను సాకగలదు. విద్యుత్తు రెండు మూడు దినములు రానిచో, విలువైన గ్రుడ్లకు ఆశ్రయమును ఆ పెట్టలే.

పెట్ట లేనివారు వెదురుగంపలో బల్బు వ్రేలాడగట్టి, మొదటి వారము 95 డిగ్రీలును, పిమ్మట వారమునకు ఐదేసి డిగ్రీలు తగ్గించుచును వేడిమి నీయవలెను. పిల్లలు బల్బుక్రింద గుమిగూడినచో చలి, దూరముగా పోయి రొప్పినచో వేడిమి యని తెలిసికొనవలెను. బాతుపిల్లలకు ముక్కు మునుగునంత లోతుగల నీరు కావలెను. మొదటి దినములలో ఈదనీయరాదు. బూజుపట్టిన మొక్కజొన్నను, వేరుసెనగ చెక్కను బాతుపిల్లలకు ఎన్నడును పెట్టరాదు. ఆ బూజునందలి విషము వానిని ఇట్టే చంపును.

లేచిన పిల్లలు కొక్కెర తెగులుచేత ఒక్క వారములో పోయినచో మన శ్రమ యంతయు వృథా. ఐదవ దినము మొదలు ఏడవ దినములోపల కంటిలో వేయు లాసోటా టీకాచుక్కను, పశువైద్యశాలవారు చెప్పిన గడువునకు తరువాతి టీకాలను తప్పక వేయించవలెను. టీకామందును మంచులో నుంచి తేవలెను. ఎండలో తెచ్చిన మందు నీటితో సమానము.

సంఘము చేయదగినది

ఇంటింటికి ఒక పెట్టె అక్కరలేదు. గూడెమునకు ఒక్కటి చాలును. కరెంటు నిలుకడగా నుండు యింట దాని నుంచి, గ్రుడ్లు త్రిప్పు పూచీ ఒక్కరిపై పెట్టవలెను. పదిమంది చేతులు పడిన పెట్టె ఎవరిదియు గాదు. ఎవరు ఎన్ని గ్రుడ్లు తెచ్చిరి, ఎన్ని తేటవి తీసివేసిరి, ఎన్ని లేచెను అనునవి పుస్తకములో వ్రాయవలెను. దినమునకు మూడుమారులు వేడిమియు వ్రాయవలెను. లేచిన పది పిల్లలలో ఒకదానిని పూచీ వహించినవారికి ఇచ్చుట న్యాయముగా మాకు తోచుచున్నది. నష్టము వచ్చినచో ఎవరు భరింపవలెనో గ్రుడ్లు పెట్టుటకు ముందే మాటాడుకొనవలెను. మేము ముందు మాటాడుకొనలేదు. ఆ తప్పును మీరు చేయవలదు.

మొదటి విడతలో ఎవరును తమ గ్రుడ్లన్నియు పెట్టెలో పెట్టరాదు. సగము పెట్టకు, సగము పెట్టెకు ఇయ్యుడు. 21 దినములైన తరువాత రెండుచోట్ల లెక్క చూడుడు. పెట్టె వెనుకబడినచో, ఇంటి పెద్దమ్మను పిలిచి ఒక గ్రుడ్డును ఆమె కనురెప్పకు తాకించి అడుగుడు. థర్మామీటరు ఎక్కడ నుంచవలెనో మాకు తెలిసినది ఆ విధముననే.

పెట్టెను నడపిన సభ్యులు తమ లెక్కలను, ముఖ్యముగా చెడిన విడతల లెక్కలను, సంఘమునకు వ్రాసి పంపినచో తక్కినవారికి మిక్కిలి ఉపకారమగును.